నవ్వు చెరగకూడదని నేర్పింది మనమే

గోదావరి డెల్టాలో నాట్యం నేర్పుతున్న గురువులకు, పోటీలు పెట్టే సంస్థలవారికి, నవరాత్రులకీ కల్యాణాలకీ జాతరలకీ పిల్లల చేత నాట్యం చేయించే ఉత్సవ కమిటీల పెద్దలకు,

నమస్కారమండీ.

పాలకొల్లు పక్కన ఒక అద్దె మేడ మీద 22 ఏళ్లుగా కూచిపూడి నేర్పుతున్నాను. మీలో చాలామందికి నా మొహం తెలుసు. పోటీల్లో మీ పిల్లలకి నేను మార్కులు వేశాను, మా పిల్లలకి మీరు వేశారు. ఒకరి పిల్లలకి ఒకరం కావాలని తగ్గించిన రోజులూ ఉన్నాయి. ఆ సంగతి ఇంకెప్పుడైనా టీ తాగుతూ మాట్లాడుకుందాం. ఇవాళ రాస్తున్నది ఒక పిల్ల గురించి. ఆ పిల్ల వల్ల నా గురించి నాకు తెలిసొచ్చిన సంగతి గురించి.

మూడేళ్ల కిందట దసరా నవరాత్రుల్లో ఒక ఊళ్లో అమ్మవారి గుడి ముందు మా ప్రోగ్రాం పెట్టారు. ఆరింటికి మొదలన్నారు కాబట్టి మూడింటికే మేకప్‌కి కూర్చున్నాం. పదకొండు మంది పిల్లలు. గుడి వెనక సామాను గది ఇచ్చారు. తలుపుకి గడియ లేదు. తల్లుల్లో ఒకావిడ ఆ తలుపుకి వీపు ఆనించి, నోట్లో పిన్నులు పెట్టుకుని, కూర్చున్నచోటు నుంచి కదలకుండానే వరసగా అందరికీ జడలు బిగించింది. ఆరయింది, ఏడయింది. ముందు ఉపన్యాసాలు. తర్వాత దాతలకు శాలువాలు. తర్వాత ఎవరో పెద్దాయన దారిలో ఉన్నారని, ఆయన వచ్చేదాకా ఆగమన్నారు. మా వంతు వచ్చేసరికి రాత్రి పదకొండు దాటింది. అంటే ఎనిమిది గంటలు ఆ పిల్లలు బిగించి కట్టిన కాస్ట్యూమ్‌లో, నడుముకి వడ్డాణంతో, నెత్తిన జడ బరువుతో కూర్చున్నారు. నీళ్లు తాగమంటే ఒక్కరూ తాగలేదు. ఎందుకు తాగరో ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు. వెళ్లడానికి చోటు లేదు. ఉన్నా, ఆ కట్టు విప్పి మళ్లీ కట్టుకోవడం అయ్యే పని కాదు.

పళ్లెం మీద ఆడే తరంగం చేయాల్సిన పాపకి అప్పుడు పద్నాలుగేళ్లు. సఖినేటిపల్లి అవతల ఊరు. శని, ఆదివారాలు పంటు మీద గోదారి దాటి, నరసాపురం రేవులో దిగి, అక్కడి నుంచి బస్సు పట్టుకుని క్లాసుకి వచ్చేది. ఏడేళ్లలో మానేసిన వారాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ రాత్రి ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలు పెట్టి, తాళం ఎక్కడా జారకుండా స్టేజీ ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లింది. చప్పట్లు మోగాయి. నవ్వుతూ దండం పెట్టింది. నవ్వుతూనే తెర వెనక్కి వచ్చింది. మొహం మీద నవ్వు ఉండగానే పడిపోయింది.

కమిటీ పెద్దాయన పరిగెత్తుకొచ్చి, "దిష్టండీ, పాప అంత బాగా చేసింది మరి" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు మాత్రం "ఏం తిన్నావమ్మా?" అని అడిగారు. వాళ్లమ్మ "క్యారేజీ పెట్టానండి, అన్నం, ఆనపకాయ కూర, పెరుగు..." అని చెబుతుంటే పాప కళ్లు మూసుకుంది. చాలా రోజుల తర్వాత బయటపెట్టింది. ఆర్నెల్లుగా ఆ క్యారేజీలో అన్నం పంటు మీంచి గోదాట్లో కుమ్మరిస్తోంది. ఎవరైనా అడిగితే చేపలకి వేస్తున్నాననేదట.

ఎందుకు మొదలుపెట్టిందో కూడా చెప్పింది. ఒక శనివారం తరంగం ప్రాక్టీసులో నేను ఒక మాట అన్నాను. "కాస్త తగ్గవే, పళ్లెం కాస్తా గిన్నె అయిపోతుంది నీ కింద." క్లాసంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా ఆ పిల్లే నవ్వింది. నేను ఆ సాయంత్రానికే మర్చిపోయాను. తనకి మాత్రం ఆ రోజు తేదీ కూడా గుర్తుంది.

నేను చెడ్డదాన్ని కాదండీ. మీరూ కాదు. అలాంటి మాటలు నేను రోజుకి పది అనేదాన్ని, అవి ప్రేమ అనుకునేదాన్ని. నా గురువుగారు తాళం వేసే కర్ర చీలమండకి తగిలేలా విసిరేవారు. మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ దెబ్బ వల్లే నాకు లయ కుదిరిందని 30 ఏళ్లు నమ్మాను, వేదికల మీద గర్వంగా చెప్పాను కూడా. కర్ర విసరకపోతే నాకు లయ వచ్చేది కాదా? తెలుసుకునే దారి లేదు. నేను కర్ర విసరను కాబట్టి మంచి టీచర్ని అనుకున్నాను. మాటలు విసురుతున్నానని ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే చెప్పాల్సినవాళ్లు నవ్వుతున్నారు.

అసలు సంగతి ఈ నవ్వు దగ్గరే ఉంది. అడుగులు సరిగ్గా పడకముందే మనం పిల్లలకి నేర్పే మాట: కాలు తప్పినా, గజ్జె తెగినా, పిన్ను గుచ్చుకున్నా మొహం మీద నవ్వు చెరగకూడదు. స్టేజీకి ఆ మాట అవసరమే. కానీ ఏడేళ్ల పిల్లకి స్టేజీ ఎక్కడ అయిపోతుందో మనం చెప్పం. తిట్టినా నవ్వుతుంది, మోకాలు నొప్పెట్టినా నవ్వుతుంది, పోటీలో ఓడిపోయి ఇంటికెళ్లే ఆటోలోనూ నవ్వుతుంది. మిగతా పిల్లలకి మనసు బాగోకపోతే మొహం చూసి అమ్మ కనిపెడుతుంది. మన పిల్లలకి కనపడదు. కనపడకుండా చేయడం నేర్పినందుకు నెలనెలా మనం ఫీజు తీసుకుంటున్నాం. తీరా ఏదైనా జరిగాక, "నిన్నటిదాకా నవ్వుతూనే ఉందండీ, మాకేం తెలుస్తుంది" అంటాం.

ఇక ఒళ్లు, బరువు. నాట్యం గురించిన పాత సంస్కృత గ్రంథం, నందికేశ్వరుడి అభినయదర్పణం, మనలో చాలామందిమి పిల్లల చేత బట్టీ పట్టిస్తాం. అందులో నాట్యానికి పనికిరానివాళ్లని పదిమందిని చెప్పాడు. కంట్లో పువ్వు వేసినది, జుట్టు లేనిది, పెదాలు లావుగా ఉన్నది, మరీ లావుది, మరీ బక్కది, మరీ పొడుగుది, మరీ పొట్టిది, గూనిది, గొంతు లేనిది. పదోది పిల్లల ముందు చెప్పలేక మనం చప్పున దాటేస్తాం. ఈ శ్లోకం రానివాళ్లు కూడా క్లాసులో దీన్నే పాటిస్తున్నారు. ఏ పిల్లని ముందు వరసలో నిలబెట్టాలి, ఎవరిని వెనక్కి నెట్టాలి, ఎవరికి రాధ, ఎవరికి చెలికత్తె అని తేల్చేటప్పుడు మన కళ్లు ముందు ఒంటి మీదికే పోతాయి. నర్తకి సన్నగా ఉండాలని ఆ గ్రంథంలోనే ఇంకోచోట ఉంది, దాచను. అదే గ్రంథంలో నర్తకికి పది ప్రాణాలు కూడా చెప్పాడు. జవం, స్థిరత్వం, రేఖ, గిరగిరా తిరిగే భ్రమరి, దృష్టి, అశ్రమం, మేధ, శ్రద్ధ, వాక్కు, గీతం. ఇందులో నడుము కొలత ఎక్కడుందో చూపించండి. పనికిరానివాళ్లలో "మరీ బక్కది" కూడా ఉందని మనలో ఎంతమంది గమనించాం?

మా పాప కేసు చూసిన డాక్టరుగారు నాకు ఒక విషయం చెప్పారు, అది ప్రతి డ్యాన్సు క్లాసు గోడ మీదా రాయించాల్సింది. పడే కష్టానికి సరిపడా తిండి లేకపోతే ఒళ్లు పొదుపు మొదలుపెడుతుంది. ఎదిగిన ఆడపిల్లలో ముందు నెలసరి ఆగుతుంది. తర్వాత ఎముక బలం తగ్గుతుంది. సిమెంటు గచ్చు మీద గంటలకొద్దీ కొట్టే పాదంలో వెంట్రుకంత బీట పడుతుంది. నిద్ర, చిరాకు, దిగులు, మతిమరుపు అన్నీ దాని వెనకే వస్తాయి. ఆటగాళ్లలో ఈ పరిస్థితికి 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. నాట్యం చేసే పిల్లలకీ ఇదే లెక్క. ఒకసారి ఒక పిల్ల నా దగ్గరకొచ్చి "మూడు నెలలుగా రావట్లేదు మేడమ్" అంటే, "పోన్లే, ప్రోగ్రాంకి అడ్డం ఉండదు" అన్నాను. రాయడానికి సిగ్గుగానే ఉంది. అసలే మన రాష్ట్రంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో సగం కంటే ఎక్కువమందికి రక్తం తక్కువని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. అలాంటి పిల్లలకి మనం డైటింగ్ చెబుతున్నాం.

పోటీలు పెట్టే సంస్థలవారికి రెండు మాటలు. మీరు లేకపోతే పల్లెటూరి పిల్లకి స్టేజీ దొరకదు, అది నాకు తెలుసు. కానీ ఐదేళ్ల పిల్లలకి ఫస్టు, సెకండు, థర్డు ఎందుకండీ? ఆ వయసులో అడుగు తాళంలో పడితే చాలు, ఒక పెన్సిల్ డబ్బా ఇచ్చి పంపించండి. జడ్జిగా నేనే మైకులో "ఎనిమిదో నంబరు పాప అరమండి కూర్చోలేదు, కళ్లు తేలిపోయాయి" అని చెప్పాను, అందరి ముందూ. అరమండి అంటే మోకాళ్లు పక్కలకి వంచి సగం కూర్చునే భంగిమ. విమర్శ చెప్పాల్సిందే. కాగితం మీద రాసి గురువు చేతికివ్వండి. ఒక పోటీలో టెంటు వెనక ఒక తల్లి, కూతురి జబ్బ పట్టుకుని గిచ్చుతూ, పైకి మాత్రం నవ్వుతూ, "ఆ భ్రమరి ఎందుకు తప్పావు? ఎంత ఖర్చు పెట్టాం?" అని పళ్ల మధ్య నుంచి అడగడం చూశాను. ఆవిడకీ ఎవరో నేర్పారు ఆ నవ్వు.

ప్రపంచ రికార్డుల పిచ్చి సంగతీ ఇక్కడే చెప్పాలి. వేలమంది పిల్లల్ని గ్రౌండులో నిలబెట్టి ఒకే పాటకి ఆడించడం, తలా ఇంత అని వసూలు చేయడం, చివర్లో ఒక సర్టిఫికెట్. మా పిల్లల్ని నేనూ తీసుకెళ్లాను. పొద్దున ఎనిమిదికి వరసలో నిలబెడితే మధ్యాహ్నం ఒంటిగంట దాకా లెక్కలే సరిపోయాయి. ఆ ఎండలో ఒక చిన్నపిల్ల తడుపుకుంది. పక్కనున్న పిల్లలు నవ్వారు. ఆ పిల్ల మళ్లీ క్లాసుకి రాలేదు. రికార్డులో ఆ పిల్ల కూడా ఒక అంకె అయ్యే ఉంటుంది.

ఉత్సవ కమిటీ పెద్దలకు నా మనవి ఏమిటంటే, మిమ్మల్ని పెద్ద ఖర్చులేవీ అడగను. తలుపుకి గడియ ఉన్న గది. పిల్లలు వెళ్లగలిగే బాత్రూం, అందులో బకెట్టు నీళ్లు. పదిహేనేళ్ల లోపు పిల్లల ప్రోగ్రాం రాత్రి తొమ్మిదిలోపు అయిపోవాలి. సన్మానాలు ఆ తర్వాత పెట్టుకోండి. శాలువా కప్పించుకునే పెద్దాయనకి ఆ పిల్లల తాత వయసు ఉంటుంది, ఆయన ఇంకో గంట ఆగగలరు. పిల్లల వంతు అయ్యాక అన్నం పెట్టండి. మన గోదారి జిల్లాల్లో ఎవరినీ తినకుండా పంపడం మర్యాద కాదంటాం కదా, గజ్జె కట్టిన పిల్లలు మాత్రం రాత్రి పన్నెండింటికి బస్టాండులో బన్ను తిని ఇంటికి పోతున్నారు.

ఫోన్ల సంగతి కూడా మీరే పట్టించుకోవాలి. ముందు వరసలో కూర్చుని కింద నుంచి వీడియో తీసి రీల్స్‌లో పెట్టేవాళ్లు ప్రతి ఊళ్లోనూ తయారయ్యారు. దాని కింద వచ్చే కామెంట్లు ఆ పిల్లలు చదువుతారు. తెల్లారి స్కూల్లో మగపిల్లలు వాటిని చదివి వినిపిస్తారు. మైకులో ఒక్క మాట చెప్పండి, వలంటీర్లని ఇద్దరిని నిలబెట్టండి. పిల్లలు బట్టలు మార్చుకునే గది దగ్గర ఫోను పట్టుకుని తచ్చాడేవాడికి పిల్లల మీద లైంగిక నేరాలకి శిక్ష వేసే, 2012లో వచ్చిన పోక్సో చట్టం గురించి కాస్త గుర్తుచేయండి.

మగపిల్లల గురించి ఎవరూ మాట్లాడరు. కూచిపూడిలో తరతరాలు ఆడవేషం కట్టింది మగవాళ్లే. వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామగా వస్తే ఆడవాళ్లే తేరిపార చూసేవారని మన పెద్దలు ఇప్పటికీ చెబుతారు. మా క్లాసులో ఒక కుర్రాడు ఉండేవాడు, లేచిన అడుగు దిగేది తెలిసేది కాదు, అంత తేలిక. తొమ్మిదో తరగతిలో మానేశాడు. ట్యూషన్ టైము కుదరట్లేదన్నాడు. స్కూల్లో వాడిని ఏమని పిలిచేవారో రెండేళ్ల తర్వాత వాడి చెల్లెలు చెబితే తెలిసింది. ఇప్పుడు ఎదురుపడితే తల దించుకుని పోతాడు, తప్పు చేసినవాడిలా.

మన డెల్టాలో నాట్యానికి ఇంకో పాత బరువుంది. ఇది చెప్పకుండా పిల్లల మనసు గురించి మాట్లాడటం నాకు కుదరదు. పశ్చిమ గోదావరిలో బల్లిపాడు మదనగోపాలస్వామి గుడి, కోనసీమలో ముమ్మిడివరం, ఇటు మురమండ, ఇవన్నీ తరతరాలుగా గుళ్లలో ఆడిన కళావంతుల నాట్యానికి పేరున్న చోట్లు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ చట్టం తెచ్చింది. ఆడపిల్లల్ని గుడికి ముడిపెట్టడం ఆగాల్సిందే. దానితోపాటు ఆ ఆడవాళ్ల చేతిలోని కళ కూడా నేరం లెక్కలోకి పోయింది. ఎందరో నోరు మూసుకుని బతికారు. బల్లిపాడు కళావంతురాలు సరిదె మాణిక్యమ్మగారి లాంటివారి దగ్గర నుంచి నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణగారు, నర్తకి స్వప్నసుందరిగారు వెతికి నేర్చుకున్నారు కాబట్టి కొంతైనా మిగిలింది. కళ మిగిలింది కానీ దానికి అంటించిన చిన్నచూపూ మిగిలింది. నా పెళ్లిచూపుల్లో అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, "పెళ్లయ్యాక గజ్జె కట్టదు కదా?" అని. మా నాన్న "కట్టదండి" అనేశారు. నేను నవ్వుతూ కాఫీ గ్లాసులు తీశాను. ఇవాళ కూడా తల్లులు వచ్చి, "పదో తరగతి దాకా చాలండీ, తర్వాత సంబంధాలు చూస్తాం" అంటారు. ఒక చేత్తో ప్రైజు తెమ్మంటూ ఇంకో చేత్తో ఇది పరువు తక్కువ పని అని చెబితే ఆ పిల్ల దేన్ని నమ్మాలి?

సరే, ఏం చేయాలి? నేను డాక్టర్ని కాను. మీరూ కారు. స్టేజీ ఎక్కేముందు చేతులు చల్లబడటం, నోరెండిపోవడం, గుండె దడ, ఇవి జబ్బు కాదు. నాకు ఇప్పటికీ ఉంటాయి. లోపలికి తీసుకున్న ఊపిరి కంటే బయటికి వదిలే ఊపిరి నిదానంగా, పొడుగ్గా వదలమని చెబుతాను, కొంత పనిచేస్తుంది. "భయమెందుకు?" అని మాత్రం అనను. భయపడినందుకు కూడా భయపడటం మొదలుపెడతారు. అదే రెండు వారాలు దాటి దిగులు వదలకపోతే, ఇష్టమైన పాట పెట్టినా లేవకపోతే, నిద్ర పోకపోతే, తిండి మానేస్తే, ఒంటి మీద గాట్లు కనిపిస్తే, "నేను లేకపోతే బాగుండు" లాంటి మాట ఒక్కసారైనా వింటే, అది మన చేతిలో పని కాదు. అలాంటి మాట విన్న రోజు ఆ పిల్లని ఒంటరిగా ఇంటికి పంపకండి. వాళ్లమ్మనో నాన్ననో పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పండి.

మనసు బాగోనివాళ్లకి ఫోన్లో సాయం చేసే టెలీ మానస్ నంబరు 14416. కేంద్రం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లోనో క్లాసులోనో పిల్లని ఎవరైనా హింసిస్తుంటే పిల్లల సాయం నంబరు 1098కి ఫోన్ చేయండి. కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. దిష్టి తీస్తానంటే తీయండి, కాదనను. తీశాక డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లండి.

ఆ తరంగం పాపని మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లినప్పుడు నేనూ వెళ్లాను. వాళ్లమ్మ వరండాలో చివరి కుర్చీలో, తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనని పైట నుదుటి దాకా లాక్కుని కూర్చుంది. "మా పిల్లకి పిచ్చంటారా మేడమ్ గారూ? రేపు సంబంధాలొచ్చేటప్పుడు ఎవరైనా చెబితే?" అంది. డాక్టరుగారు ఆవిడని లోపలికి పిలిచి, ఇక్కడ మాట్లాడింది బయటికి పోదని, 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఆ హక్కు ఉందని నిదానంగా చెప్పారు. ఆవిడకి చట్టం ఏం అర్థమైందో తెలియదు. ఆ తర్వాత పైట మాత్రం భుజం మీదికి దించుకుంది.

అప్పటి నుంచి మా క్లాసులో కొన్ని మార్చాను. ఒంటి గురించి మాట, మంచిదైనా సరే, ఎత్తను. "సన్నబడ్డావే, బాగున్నావు" అన్నా పక్కనున్న పిల్ల లెక్క వేసుకుంటుంది. శనివారం ఒక అత్తం చక్కెరకేళి అరటిపళ్లు తెప్పిస్తాను, మధ్యలో ఆపి అందరం కలిసి తింటాం. నేనూ తింటాను, వాళ్ల ముందే. గుమ్మం పక్కన గోడకి ఒక మేకు కొట్టాను. ఒంట్లోనో మనసులోనో బాగోని పిల్ల తన గజ్జెలు ఆ మేకుకి తగిలించి గోడ వారన కూర్చోవచ్చు. ఎందుకని ఎవరూ అడగకూడదు.

మొదటి రెండు వారాలు ఒక్కరూ తగిలించలేదు. మూడో వారం ఎనిమిది మంది తగిలించారు, అందరూ కలిసి గుసగుసలు, కిసుక్కులు. నాకు ఒళ్లు మండింది. కర్ర విసిరే చెయ్యి నాకూ ఉందని ఆ రోజు తెలిసింది. విసరలేదు, లోపలికి పోయి నీళ్లు తాగి వచ్చాను. నెల తిరిగేసరికి సరదా తీరి, ఏ వారమైనా ఒకరో ఇద్దరో మిగిలారు. ఒక పిల్ల వరసగా నాలుగు శనివారాలు తగిలించింది. అడగకూడదన్న నియమం నేనే తప్పి, క్లాసయ్యాక మెట్ల మీద పక్కన కూర్చుని అడిగాను. వాళ్ల ఇంట్లో సంగతి, ఇక్కడ రాయకూడదు. ఆ రాత్రే ఒక ఫోన్ చేయాల్సి వచ్చింది. మేకు లేకపోతే ఆ పిల్ల ఆ నాలుగు శనివారాలూ నవ్వుతూ ఆడేసేది, నేను "బాగా చేశావే" అనేదాన్ని.

"ఇలా ముద్దు చేస్తే కళ ఎలా వస్తుందండీ?" అని ఒక గురువుగారు నన్ను నిలదీశారు. అడగాల్సిన ప్రశ్నే. అరమండి ఇప్పటికీ కూర్చోబెడుతున్నాను. తాళం తప్పితే మళ్లీ మొదటి నుంచి చేయిస్తాను. అదే జతి యాభైసార్లు. పిల్లలు విసుక్కుంటారు కూడా, విసుక్కునే చనువు వచ్చింది వాళ్లకి. మునుపటి కంటే ప్రైజులు తగ్గాయా అంటే, తగ్గాయి, ఒప్పుకుంటాను. పోటీలకే తక్కువ వెళ్తున్నాం. ఇద్దరు పిల్లల్ని వాళ్ల తల్లులు వేరే క్లాసుకి మార్చేశారు. అద్దె కట్టే నెలాఖరున ఆ ఇద్దరూ గుర్తొస్తారు.

పాప సంగతి అడుగుతారేమో. దగ్గర దగ్గర ఏడాది డాక్టరు దగ్గరికి తిరిగింది. మధ్యలో రెండుసార్లు మళ్లీ వెనక్కి పోయింది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఆదివారాలు వస్తుంది, చిన్నపిల్లలకి తాళం వేస్తుంది, వాళ్ల జడలు అల్లుతుంది. పళ్లెం ఎక్కలేదు. ఎక్కమని నేను అడగలేదు. ఈ ఉత్తరం రాస్తానంటే ముందు పేరు వద్దంది. రాసింది చదివి వినిపిస్తే, చేపల మాట తీసేయొద్దు, అది ఉండనివ్వండి అంది.

వచ్చే నెల రెండో ఆదివారం పొద్దున పదింటికి మా క్లాసులో కూర్చుందాం. గురువులు, కమిటీవాళ్లు, తల్లులు ఎవరైనా రావచ్చు. పిల్లల రాత్రి ప్రోగ్రాంలకి టైము ఎంతవరకు, గది, బాత్రూం సంగతి లేకుండా ఒప్పుకోకూడదన్న మాట, జడ్జీల విమర్శ కాగితం మీదే ఉండాలన్న మాట, ఈ మూడు తేల్చుకుని అందరం సంతకాలు పెడితే ఈ దసరాకే మొదలుపెట్టొచ్చు. నా క్లాసులో చదివి మానేసినవాళ్లు ఉంటే మీరూ రండి. నన్ను అడగాల్సినవి ఉంటే అందరి ముందే అడగండి. మెట్లు కాస్త నిటారుగా ఉంటాయి, రెయిలింగ్ పట్టుకుని ఎక్కండి. చెప్పులు కిందే విడవాలి.

ఇట్లు,
పాలకొల్లు పక్కన మేడ మీద క్లాసు టీచరు